పటానికి ఎక్కని ఊళ్ల కోసం: మా మ్యాపింగ్ ప్రాజెక్టు డైరీ

పని ఏమిటంటే

పిల్లలకు టీకాలు వేసే ఒక బృందం మారుమూల జిల్లాలోకి వెళ్లబోతోంది. ఆ జిల్లాకు పనికొచ్చే పటం లేదు. పెద్ద రోడ్డు ఒకటి, పెద్ద ఊరి పేరు ఒకటి ఉన్నాయి, మిగతాదంతా ఖాళీ. ఖాళీ అంటే అక్కడ మనుషులు లేరని కాదు, ఉన్నవాళ్లను ఇంతవరకు ఎవరూ పటానికి ఎక్కించలేదని. శాటిలైట్ ఫోటో తెరిస్తే ఇళ్ల గుంపులు, చేలు, కాలిబాటలు అన్నీ కనిపిస్తాయి. వాటిని ఒక్కొక్కటిగా ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్ అనే ఆన్‌లైన్ పటంలో గీయడమే మా బృందం ఒప్పుకున్న పని. జిల్లా పేరు ఇక్కడ రాయడం లేదు. అక్కడ పనిచేసేవాళ్లు వద్దన్నారు, వాళ్ల మాట మాకు ముఖ్యం.

మాలో ఎవరమూ ఆ దేశం చూడలేదు. కొందరు కాలేజీ పిల్లలు, ఇద్దరు ముగ్గురు సాఫ్ట్‌వేర్ ఉద్యోగులు, ఒక నర్సు, సర్వే శాఖలో పనిచేసి రిటైరైన ఒక పెద్దాయన ఉన్నారు. అందరికీ సేవ చేయాలనే ఉంది, ఉన్నది మాత్రం శనివారం సాయంత్రాలు, ఒక్కో లాప్‌టాప్. ఇలాంటివాళ్లు ఏం చేయగలరు అన్న ప్రశ్నకు నేను వెతికి పట్టుకున్న జవాబుల్లో నమ్మకం కలిగించింది ఇదే. ఎందుకంటే ఇది కొత్త ఆలోచన కాదు, ఇప్పటికే పని చేసి చూపించింది.

ఎందుకు నమ్మాను

ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్‌ను స్టీవ్ కోస్ట్ 2004లో బ్రిటన్‌లో మొదలుపెట్టారు. ఎవరైనా దిద్దవచ్చు, ఎవరైనా ఉచితంగా వాడుకోవచ్చు. 2010 జనవరి 12న హైతీలో 7.0 తీవ్రతతో భూకంపం వచ్చినప్పుడు రాజధాని పోర్ట్-ఓ-ప్రిన్స్‌కు వీధుల వివరాలున్న పటం దాదాపు లేదు. శాటిలైట్ కంపెనీలు కొత్త ఫోటోలు విడుదల చేశాయి. ప్రపంచం నలుమూలలా ఇళ్లలో కూర్చున్న వాలంటీర్లు వాటిని చూసి కొద్ది రోజుల్లోనే వీధులు, కూలిన భవనాలు, శిబిరాలు గీశారు. ఆ పటాన్నే రక్షణ బృందాలు జీపీఎస్ పరికరాల్లోకి ఎక్కించుకుని తిరిగాయి. హ్యుమానిటేరియన్ ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్ టీమ్ అనే సంస్థ ఆ ఏడాదే రిజిస్టరైంది.

2014లో పశ్చిమ ఆఫ్రికాలో ఎబోలా వచ్చినప్పుడు గినీలోని గెకెడు పట్టణానికీ ఇలాగే పటం తయారైంది. రోగి తన ఊరు ఫలానా అంటాడు, ఆ ఊరు ఎక్కడుందో వైద్య బృందానికి తెలియాలి, లేకపోతే అతనితో కలిసి తిరిగినవాళ్లను పట్టుకోవడం కుదరదు. ఆ అనుభవం తర్వాత అదే ఏడాది చివర్లో డాక్టర్స్ వితౌట్ బోర్డర్స్, అమెరికన్ రెడ్‌క్రాస్, బ్రిటిష్ రెడ్‌క్రాస్, హ్యుమానిటేరియన్ ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్ టీమ్ కలిసి మిస్సింగ్ మ్యాప్స్ అనే ప్రాజెక్టు మొదలుపెట్టాయి. విపత్తు వచ్చాక పరుగెత్తడం కాదు, రాకముందే పటం సిద్ధంగా ఉంచాలన్నది దాని ఉద్దేశం. మా పని కూడా ఈ రెండో రకమే. టీకాల బృందం బయలుదేరడానికి ఇంకా సమయం ఉంది, ఆ సమయాన్నే మేం వాడుకుంటున్నాం.

మొదటి శనివారం

నేర్పడానికి గంట సరిపోతుందనుకున్నాం, అంతకన్నా ఎక్కువే పట్టింది. అందులో సగం సమయం గీయడం నేర్పడానికి కాదు, చూడటం నేర్పడానికి పోయింది.

పని పంచుకునే పద్ధతి తేలిక. టాస్కింగ్ మేనేజర్ అనే సైట్‌లో జిల్లా అంతా గడులుగా విడిపోయి ఉంటుంది. ఒక గడి తీసుకుంటే అది మన పేరున తాళం పడుతుంది, ఇంకొకరు అదే చోట గీసే ప్రమాదం ఉండదు. రెండు గంటల్లో ముగించకపోతే తాళం దానంతటదే విడిపోతుంది. పూర్తి చేశామని నొక్కితే ఆ గడి పరిశీలనకు వెళ్తుంది. రెండో మనిషి చూసి సరే అన్నాకే అది అయినట్టు లెక్క.

గీయడానికి ఐడీ అనే ఎడిటర్ బ్రౌజర్‌లోనే తెరుచుకుంటుంది. ఇంటి నాలుగు మూలలూ నొక్కి, క్యూ (Q) కీ నొక్కితే మూలలు చక్కగా చదరమవుతాయి. గుండ్రటి గుడిసె అయితే చుట్టూ కొన్ని చుక్కలు పెట్టి ఇంగ్లిష్ 'ఓ' (O) అక్షరం కీ నొక్కాలి. ఇది ఐదు నిమిషాల్లో వచ్చేస్తుంది. రానిది ఏమిటంటే, ఫోటో నిట్టనిలువుగా తీసింది కాకపోతే ఇంటి పైకప్పు ఒక పక్కకు వాలినట్టు కనిపిస్తుంది. పటంలో ఉండాల్సింది ఇల్లు నేలను తాకే చోటు. అందుకే పైకప్పు ఆకారం గీసి, దాన్ని పునాది మీదికి జరపాలి. ఇంకొకటి, ఫోటో మొత్తంగానే అసలు స్థానం నుంచి కొన్ని మీటర్లు జరిగి ఉండొచ్చు. అంతకుముందు ఎవరైనా జీపీఎస్ పట్టుకుని నడిచిన జాడలు ఉంటే వాటితో పోల్చి ఫోటోను సరిచేసుకోవాలి. లేకపోతే ఒక్కొక్కరూ ఒక్కో ఫోటో పెట్టుకుని గీసిన ఊరు రెండు ఊళ్లలా కనిపిస్తుంది.

కాలేజీ కుర్రాడొకడు అడిగాడు: "అన్నా, గూగుల్ మ్యాప్స్‌లో చూసి ఊరి పేరు రాసేస్తే పోలా?"

కుదరదు. ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్‌లోకి లైసెన్సు అనుమతించినవాటి నుంచే సమాచారం తేవాలి. వేరే కంపెనీ పటంలోంచి ఎత్తి రాస్తే తర్వాత ఎవరో గుర్తించి తీసేయాల్సి వస్తుంది, దానితోపాటు మన మిగతా పని మీద కూడా నమ్మకం పోతుంది. ఈ సంగతి మొదటి రోజే చెప్పడం మంచిదైంది. అలాగే పదిమంది కలిసి ఒక ప్రణాళిక ప్రకారం ఎడిట్ చేస్తుంటే ఆ వివరాలు ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్ వికీలో ఒక పేజీ పెట్టి చెప్పాలని ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్ ఫౌండేషన్ మార్గదర్శకాలు చెబుతాయి. అదీ రాసి పెట్టాం: మేమెవరం, ఏ ప్రాంతం, ఏం గీస్తున్నాం, తప్పులుంటే ఎవరికి చెప్పాలి.

సర్వేయర్ గారి గడి

ఈ ఒక్క గడి గురించి కాస్త వివరంగా రాస్తాను. దీని తర్వాత మేమంతా ఫోటో చూసే తీరే మారింది.

గడి మధ్యలో చిన్న గుట్ట, దాని పక్కన చెట్ల గుబురు. నా కంటికి రెండు మూడు రేకుల పైకప్పులు కనిపించాయి. మెరుస్తాయి కాబట్టి రేకులు ఎవరికైనా దొరుకుతాయి. గడ్డి కప్పు మాత్రం మట్టి రంగులో కలిసిపోతుంది. సర్వేయర్ గారు నా పక్కన కూర్చుని, స్క్రీన్ మీద చూపుడువేలు ఆనించి, "ముందు నీడ ఎటు పడుతోందో చూడండి" అన్నారు. చెట్ల నీడలన్నీ ఒకే వైపు వాలి ఉన్నాయి. అదే వైపు, అదే పొడవున, చెట్లు లేనిచోట కూడా చిన్న చిన్న నల్లటి వంపులున్నాయి. ఒక్కో వంపు ఒక్కో గుడిసె నీడ. నీడ మొదలైన చోట గుండ్రటి కప్పు ఉంది, అప్పటిదాకా నేను నేల అనుకున్నది.

ఆ తర్వాత బాటలు చూపించారు. సన్నటి తెల్లటి గీతలు నాలుగైదు వైపుల నుంచి వచ్చి ఒక చోట కలుస్తున్నాయి. "ఇంతమంది రోజూ ఒకే చోటికి నడుస్తున్నారంటే అక్కడ నీళ్లుండాలి" అన్నారాయన. జూమ్ చేస్తే చిన్న మడుగు కనిపించింది. మడుగు చుట్టూ నేల తొక్కుడుపడి పచ్చిక లేకుండా ఉంది, పశువులు కూడా వస్తాయన్నమాట. ఒక పక్క మట్టి గోడ వలయాలు రెండు, మధ్యలో నీడ లేదు. కప్పు లేని వలయం అంటే వదిలేసిన ఇల్లు. అందులో మనుషులు లేరు, దాన్ని ఇల్లుగా గీస్తే లెక్క తప్పుతుంది.

ఇంత పట్టింపు ఎందుకంటే, టీకాల బృందం మా పటంలో ఇళ్లు లెక్కపెట్టి, ఇంటికి సగటున ఇంతమంది అని గుణించి, ఎన్ని డోసులు చల్లటి పెట్టెలో తీసుకెళ్లాలో నిర్ణయిస్తుంది. ఇంటికి ఐదుగురు అనుకుంటే, వంద గుడిసెలు మాకు కనబడకుండా పోయాయంటే ఐదు వందల మంది లెక్కలోకి రాలేదన్నట్టే. అందులో పిల్లలెందరు! తల్లి గంటల తరబడి నడిచి వచ్చేసరికి డోసులు అయిపోయాయంటే ఆ తల్లి మళ్లీ వస్తుందా?

గుడిసెల పక్కన ఇంకా చిన్న వలయాలు కొన్ని కనిపించాయి. ఇళ్లా, గాదెలా? పై నుంచి చూస్తే తేలదు. అక్కడి బృందానికి ఫోటో పంపి అడిగాం. అవి ధాన్యం దాచుకునే గాదెలని జవాబొచ్చింది. ఎంత వెడల్పు కన్నా చిన్నవాటిని వదిలేయాలో కూడా చెప్పారు. ఆ కొలతను ప్రాజెక్టు సూచనల్లో పైనే పెట్టాం.

యంత్రం గీసిన ఇళ్లు

సాఫ్ట్‌వేర్‌లో ఉన్న తమ్ముడు ఒకడు న్యాయమైన ప్రశ్నే వేశాడు. మైక్రోసాఫ్ట్, గూగుల్ శాటిలైట్ ఫోటోల్లోంచి యంత్రంతో గుర్తించిన ఇళ్ల ఆకారాలను ఉచితంగా విడుదల చేశాయి కదా, మనం చేత్తో గీయడం దేనికి?

రెండు గడుల మీద పోల్చి చూశాం. రేకుల ఇళ్లున్న చోట యంత్రం బాగా పట్టుకుంది, మాకన్నా వేగంగా. గడ్డి కప్పుల దగ్గర తడబడింది. దగ్గర దగ్గరగా ఉన్న మూడు గుడిసెలను కలిపి ఒకే ఇల్లు చేసింది, ఒక బండరాయిని కూడా ఇల్లనుకుంది. అందుకని యంత్రం చూపినదాన్ని సూచనగా తీసుకుంటున్నాం. ప్రతి ఆకారాన్నీ మనిషి చూసి ఒప్పుకున్నాకే పటంలోకి వెళ్తుంది. చేతిపని తగ్గిన మేరకు ఆ సమయాన్ని పరిశీలనకు మళ్లించాం.

పరిశీలన

నా దృష్టిలో ఈ ప్రాజెక్టు ప్రాణం ఇక్కడే ఉంది. గీసేవాళ్లు దొరుకుతారు, ఓపిగ్గా సరిచూసేవాళ్లు దొరకడమే కష్టం. ఎన్ని ఇళ్లు గీశామన్న లెక్క చెప్పుకోవడానికి బాగుంటుంది. సరిచూడని ఇళ్లు ఎన్ని ఉన్నా ఆ ఊళ్లలోకి వెళ్లేవాళ్లకు ధైర్యం రాదు.

మ్యాపథాన్‌కు, అంటే ఇలా అందరూ కూడి పటం గీసే కార్యక్రమానికి, వచ్చిన కొత్తవాళ్లలో చాలామంది రెండోసారి రారని ఈ పనిలో ఉన్నవాళ్లందరికీ అనుభవమే. మా దగ్గర నర్సు అక్క దీన్ని మొదట్లోనే పట్టించుకుంది. ఎవరి గడినైనా తిప్పి పంపేటప్పుడు ఉత్తినే "సరిగా లేదు" అని రాయొద్దని పట్టుబట్టింది. "కొత్తగా వచ్చిన నర్సుకు సూది వేయడం నేర్పేటప్పుడు చెయ్యి పట్టుకుని చూపిస్తాం, తిట్టి పంపిస్తే ఆ అమ్మాయి రేపు డ్యూటీకే రాదు" అంది. అందుకే ఇప్పుడు ప్రతి వ్యాఖ్యలో మూడు సంగతులుంటాయి: బాగా చేసింది ఏమిటి, మార్చాల్సింది ఏమిటి, ఎలా మార్చాలి. "దక్షిణం వైపు గుడిసెలన్నీ దొరికాయి, చాలా బాగుంది. గుట్ట పక్కన మీరు గీసిన రెండూ చెట్ల నీడలు, వాటికి కప్పు లేదు చూడండి. ఇళ్లకు క్యూ కీ నొక్కడం మరచిపోకండి." ఇలా రాయడానికి ఇంకో రెండు నిమిషాలు పడుతుంది. ఆ రెండు నిమిషాల వల్లే మళ్లీ వచ్చినవాళ్లున్నారు. వాళ్లలో ఇద్దరు ఇప్పుడు తామే పరిశీలకులు. జోసమ్ అనే పెద్ద ఎడిటర్ నేర్చుకుని, ఒకదాని మీద ఒకటి పడిన ఇళ్లను, దేనికీ కలవని దారులను దానిలోని తనిఖీ సాధనంతో ఏరేస్తున్నారు.

డబ్బు సంగతి

ఇక్కడిదాకా ఇచ్చింది సమయం. గడులు సగం దాటేసరికి ఇంకో అవసరం స్పష్టంగా కనిపించింది. పై నుంచి ఇల్లు కనిపిస్తుంది, ఆ ఊరి పేరు కనిపించదు. దారి కనిపిస్తుంది, వానల్లో అది ఉంటుందో మునిగిపోతుందో కనిపించదు. బడి ఏది, ఆసుపత్రి ఏది, బోరు పనిచేస్తోందా లేదా అన్నవి ఫోటో చెప్పదు. ఇవన్నీ ఆ ఊళ్ల మధ్య నడిచేవాళ్లకే తెలుస్తాయి. అక్కడ యువకుల బృందం ఒకటి ఆ పని చేస్తోంది. వాళ్లూ వాలంటీర్లే, కానీ తిరగడానికి ఖర్చవుతుంది.

విరాళం అనగానే మా బృందంలో మొదట వచ్చిన ఆలోచన పాత ఫోన్లు పోగుచేసి పంపడం. మంచి మనసుతోనే అన్నారు. అయినా పంపేముందు అడుగుదామని గట్టిగా చెప్పాను, దానికి కారణం ఉంది. 1992 నుంచి 1996 దాకా యుద్ధకాలంలో బోస్నియా-హెర్జెగోవినాకు వచ్చిన మందుల విరాళాల్లో సుమారు 17,000 టన్నులు పనికిరానివేనని తర్వాత ఒక వైద్య పత్రికలో వచ్చిన అధ్యయనం అంచనా వేసింది. గడువు ముగిసినవి, అక్కడి రోగాలకు అక్కరలేనివి, ఎవరికీ చదవరాని భాషలో లేబుళ్లున్నవి. వాటిని వదిలించుకోవడమే వాళ్లకు పెద్ద భారమైంది. ఇచ్చినవాళ్లు చెడ్డవాళ్లు కాదు, అడక్కుండా ఇచ్చారంతే. మందుల విరాళాలకు ప్రపంచ ఆరోగ్య సంస్థ 1996లో మార్గదర్శకాలు తెచ్చింది. వాటిలో మొదటి మాటే, తీసుకునేవాళ్ల అవసరాన్ని బట్టి ఇవ్వాలని. మందు చేరే సమయానికి కనీసం ఏడాది గడువు మిగిలి ఉండాలని కూడా ఉంది.

అడిగాం. పాత ఫోన్లు వద్దన్నారు. బ్యాటరీ సగం రోజు కూడా నిలవని ఫోన్ పట్టుకుని వెళ్తే దారి మధ్యలో ఆగిపోతామన్నారు. వాళ్లకు కావాల్సింది మొబైల్ డేటా, ప్రయాణ ఖర్చులు, తిరిగిన రోజు కూలి పోయినవాళ్లకు దానికి సరిపడా భత్యం. ఈ చివరిది విని ఒకరిద్దరు ఇబ్బంది పడ్డారు: "సేవకు భత్యం ఏమిటి?" నా అభిప్రాయం ఇది. నెల జీతం వచ్చే నాకు శనివారం సాయంత్రం ఇవ్వడం పెద్ద త్యాగం కాదు. రోజు కూలి మీద బతికే మనిషి ఒక రోజు మానుకుని ఊళ్లు తిరిగితే ఆ ఇంట్లో ఆ రోజు ఆదాయం ఉండదు. ఆ లోటు పూడ్చకపోతే, మన ప్రాజెక్టుకు అందరికన్నా ఎక్కువ విరాళం ఇచ్చేది అందరికన్నా తక్కువ ఉన్నవాడే అవుతాడు. అది నాకు సమ్మతం కాదు. చర్చ చాలాసేపు నడిచింది, చివరికి అందరూ ఒప్పుకున్నారు.

ఇంకో రెండు నిర్ణయాలు తీసుకున్నాం. ఒకటి, ఒకేసారి పెద్ద మొత్తం కాకుండా నెలనెలా కొంత. అప్పుడు వాళ్లు వచ్చే నెల ఎన్ని ఊళ్లు తిరగగలరో ముందే లెక్క వేసుకోవచ్చు. రెండోది, ఈ డబ్బు ఫలానాదానికే వాడాలని షరతు పెట్టకపోవడం. లెక్కలు చూపిస్తామన్నారు, చూస్తాం. ఒక నెల డేటా కన్నా వాన కోట్లే ముఖ్యమైతే ఆ నిర్ణయం వాళ్లదే. విరాళం అందుకున్నవాళ్ల ఫోటోలు పంపమని అడగొద్దని కూడా రాసుకున్నాం. చేతులు చాచిన మనిషి ఫోటో మాకెందుకు?

అక్కడి నుంచి వచ్చిన సమాచారం

మొదటి విడత వివరాలు వచ్చాయి. స్క్రీన్ మీద పేర్లు పడుతుంటే కాలేజీ పిల్లలు చుట్టూ మూగారు. తాము గీసిన గుడిసెల గుంపుకు పేరుందని తెలిసింది. ఒక ఊరికైతే రెండు పేర్లు, వాగుకు ఇవతలి వాళ్లు ఒకటంటారు, అవతలి వాళ్లు ఇంకొకటి. రెండూ చేర్చాం. పటంలో దానికి వీలుంది.

పేర్లకన్నా విలువైనది దారుల గురించి వచ్చింది. మేం బండిబాటగా గీసిన పొడవాటి తెల్లటి గీత నిజానికి ఎండిపోయిన వాగు. ఎండాకాలం జీపు దాని మీదే వెళ్తుంది, వానలు పడితే నడుము లోతు నీళ్లు. ఫోటో ఎండాకాలంలో తీసింది, కాబట్టి మా కళ్లకు అది దారే. టీకాల బృందం వెళ్లేది వానలు మొదలయ్యే రోజుల్లో. ఆ గీతకు వాగు అని, ఎండాకాలంలో మాత్రమే దారి అని రెండు వివరాలూ చేర్చాక, ఆ పక్క ఊళ్లన్నిటికీ వెళ్లే మార్గం మారిపోయింది. కొండ వెనక నుంచి చుట్టూ తిరిగి వెళ్లాలి. దానికి ఒక రోజు అదనంగా పడుతుంది, ఆ రోజుకు మంచు పెట్టెలు చాలవు, మధ్యలో ఐస్ మార్చుకునే చోటు చూసుకోవాలి. టీకాల బృందం తన ప్రణాళికలో ఈ మార్పు చేసుకుంది.

దూరం నుంచి మేం ఎంత శ్రద్ధగా చూసినా ఈ ఒక్క విషయం మాకు తెలిసేది కాదు. మా గీతలు లేకపోతే ఎక్కడికి వెళ్లి అడగాలో అక్కడివాళ్లకూ తెలిసేది కాదు. ఆ మాట వాళ్ల సమన్వయకర్తే ఫోన్‌లో అన్నారు: ఖాళీ కాగితం పట్టుకుని తిరగడం వేరు, ఇళ్లు గుర్తించిన కాగితం పట్టుకుని తిరగడం వేరు.

ఒక జాగ్రత్త కూడా వాళ్లే చెప్పారు. ఇళ్లకు మనుషుల పేర్లు పెట్టొద్దు. ఇంట్లోంచి పారిపోయి వచ్చిన ఆడవాళ్లు తలదాచుకునే చోటు ఒకటుంది, దాన్ని ఆ వివరంతో పటంలో పెట్టొద్దు. ఈ పటం ప్రపంచంలో ఎవరైనా తెరిచి చూడొచ్చు. అది మామూలు ఇల్లుగానే ఉంటుంది.

ఇప్పుడు ఎక్కడున్నాం

గీయాల్సిన గడులు అయిపోయాయి. పరిశీలన ఉత్తరం వైపు మిగిలింది. అక్కడ ఫోటోలో మబ్బులు ఎక్కువ, వేరే కంపెనీ ఫోటోతో చూడాల్సి వస్తోంది. మబ్బు కింద ఏముందో తెలియని గడులను ఫోటో సరిగా లేదని గుర్తుపెట్టి వదిలేస్తున్నాం, ఊహించి గీయడం లేదు. ఆ గడుల జాబితా అక్కడి బృందానికి పంపాం, నడిచి చూసేందుకు వాటికే మొదటి చోటు.

నెలవారీ విరాళం కొనసాగుతోంది. ఈ నెల నుంచి అందులో కొంత భాగం వాళ్లలో ఇద్దరికి జోసమ్ శిక్షణకు వాడుకుంటామన్నారు. అది అయితే పరిశీలన కూడా వాళ్లే చేసుకుంటారు, మా అవసరం ఆ మేరకు తగ్గుతుంది. సర్వేయర్ గారు వాళ్లకు వీడియో కాల్‌లో నీడలు చదవడం నేర్పుతానన్నారు. వాళ్లేమో ఆయనకు వాగుల గురించి చెబుతామన్నారు. మొదటి పాఠం వచ్చే శనివారం. ఆ రోజు మిగతావాళ్లం ఉత్తరం గడులు పంచుకుంటాం. కొత్తగా చేరాలనుకునేవాళ్లకు సగం పూర్తయిన గడి ఇచ్చి, పక్కన పాత పరిశీలకుడిని కూర్చోబెడతాం.